ఊరి సంపాదన తెలుసుకునే సర్వే: ఎవర్ని అడగాలి, ఏం అడగాలి, ఎక్కడ తప్పుతుంది

గ్రామసభలో మైకు పట్టుకుని "ఊరి అభివృద్ధికి ఏం కావాలె?" అని అడిగి చూడండి. నల్లగొండ వైపైనా, పాలమూరు వైపైనా వచ్చే జవాబులు దాదాపు ఒక్కటే. సీసీ రోడ్డు, మురికి కాల్వ, కమ్యూనిటీ హాలు, ఊరి మొదట్లో కమాను, గుడికి ప్రహరీ. ఇవి అక్కర్లేదని కాదు. కానీ ఆ జాబితాలో ఊరివాళ్ల సంపాదన గురించి ఒక్క ముక్క ఉండదు. పత్తి ఎవరికి అమ్ముతున్నారు, మిత్తి (వడ్డీ) ఎంత కడుతున్నారు, ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతోంది, ఎన్ని ఇళ్లకు తాళాలు పడుతున్నాయి అన్నది ఎవరూ చెప్పరు. మైకు పట్టుకున్నది పంచాయతీ కాబట్టి పంచాయతీ చేసే పనులే జనానికి గుర్తొస్తాయి.

పంచాయతీ డబ్బుకేమో హద్దులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పల్లెలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్నది అప్పటి షరతు. మిగిలిన 40 శాతంతో ఊళ్లో పప్పుల మిల్లు పెట్టలేరు, మగ్గాలకు పెట్టుబడి ఇవ్వలేరు. ఊరి ఆర్థికం కదలాలంటే మహిళల గ్రామ సంఘం, పాల కేంద్రం, మార్కెట్ కమిటీ, చేనేత సహకార సంఘం, బ్యాంకు, మిల్లు యజమాని, మండలంలో వ్యవసాయ అధికారి ఇలా చాలామంది కదలాలి. సర్వే చేసేది వీళ్ల ముందు పెట్టడానికి. అందుకని కోరికల జాబితా చాలదు. ఊళ్లోకి డబ్బు ఏ దారిన వస్తోంది, ఏ దారిన పోతోంది, మధ్యలో ఎవరి దగ్గర ఆగుతోంది అన్న లెక్క కావాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఈ సర్వేతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారన్నది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు ఊళ్లో అసలు ప్రశ్న వడ్ల అమ్మకం, తూకంలో తీసే తరుగు, కౌలు. దేవరకొండ తండాల్లో నీళ్లు, బోర్ల అప్పు, పట్నం పోయే పిల్లలు. నారాయణపేట, మక్తల్, మద్దూరు వైపు వలస. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి చోట మగ్గం కూలి, నూలు ధర, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌తో లెక్క. నల్లగొండ బత్తాయి ఊళ్లో తోట గుత్తకిచ్చే పద్ధతి. ఒకే ప్రశ్నల కాగితం అన్ని ఊళ్లకూ జిరాక్స్ తీస్తే ఏ ఊరికీ పనికిరాని జవాబులే వస్తాయి. కాగితం పైభాగాన ఒక్క వాక్యం రాసుకోండి: "ఈ సర్వే అయ్యాక ఫలానా సంఘం ఫలానా విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి." ఆ వాక్యంతో సంబంధం లేని ప్రశ్న ఎంత ముచ్చటగా ఉన్నా కొట్టేయండి. 25 ప్రశ్నలు దాటితే 40 నిమిషాల్లో ముగియదు. 40 నిమిషాలు దాటితే చివరి ప్రశ్నలకు వచ్చేవి జవాబులు కావు, తొందరగా పంపించే మాటలు.

ఊళ్లో ఎవరెవరున్నారు

సర్పంచ్, వార్డు సభ్యులు, నలుగురు పెద్దరైతులు, రేషన్ డీలర్, బడి హెడ్‌మాస్టర్. సాధారణంగా సర్వేలు ఇక్కడే ఆగుతాయి. వీళ్లు అందుబాటులో ఉంటారు, కుర్చీ వేస్తారు, చాయ్ పోస్తారు. ఊరి ఆదాయంలో వీళ్లు ఒక పక్క మాత్రమే. రెండో పక్కన కౌలు రైతులు, భూమిలేని కూలీలు, గొర్ల కాపరులు, గీత కార్మికులు, హమాలీలు, ట్రాక్టర్ డ్రైవర్లు, ఒంటరి ఆడవాళ్లు, టైలరింగ్ చేసే అమ్మాయిలు, కిరాణం నడిపేవాళ్లు, ఎరువుల దుకాణదారు, ఆర్‌ఎంపీ, పాల కేంద్రం నడిపే మనిషి, బ్యాంకు కస్టమర్ సర్వీస్ పాయింట్ పెట్టుకున్న కుర్రాడు, వరి నాట్లకు గుంపును తీసుకెళ్లే ఆడమనిషి ఉంటారు. మూడో పక్క ఊళ్లో కనిపించదు: హైదరాబాద్‌లో, ముంబైలో, పుణెలో ఉన్నవాళ్లు. ఊరికి డబ్బు పంపేదీ వాళ్లే, ప్లాట్లు కొనేదీ వాళ్లే.

పేర్ల జాబితా ఎక్కడ దొరుకుతుందంటే ఓటరు జాబితా, రేషన్ కార్డులు, జాబ్ కార్డులు, మహిళల గ్రామ సంఘం లెక్కలు రాసే వీవోఏ దగ్గరి సంఘాల రికార్డు. ఒక్కోదాంట్లో ఒక్కో లోపం. ఓటరు జాబితాలో పదేళ్ల కింద ఊరు విడిచినవాళ్లూ ఉంటారు. రేషన్ జాబితాలో వేరుపడిన కొత్త కాపురాలు సరిగా కనిపించవు. సంఘాల రికార్డులో మరీ పేద ఇళ్లు ఉండవు, పొదుపు కట్టలేక మానేసి ఉంటారు. అందుకని నమ్మదగింది కాళ్లతో చేసే జాబితానే. ఊరి పటం గీసుకుని వాడవాడా తిరిగి, తలుపు ఉన్న ప్రతి ఇంటికీ వరుస నంబరు వేయాలి. 600 ఇళ్ల ఊరికి ఇద్దరు మనుషులు, పొద్దంతా పని. ఒక ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలుగా రాయాలి. తాళం వేసిన ఇంటికీ నంబరు వేయాలి. దాన్ని వదిలితే వలస మొత్తం మీ లెక్కలోంచి జారిపోతుంది.

ఎన్ని ఇళ్లు అడగాలి అన్నదానికి సులువైన సూత్రం ఉంది. ఇళ్ల సంఖ్యను (1 + ఇళ్ల సంఖ్య × 0.1 × 0.1) తో భాగించాలి. 600 ఇళ్లుంటే 600ను 7తో భాగించాలి, అంటే 86 ఇళ్లు. శాతాల్లో అటూ ఇటూ 10 తేడా ఉండొచ్చని దీని అర్థం. తేడా 5కు తగ్గాలంటే 0.1 బదులు 0.05 వేయండి, 240 ఇళ్లు అవుతాయి. పల్లె నిర్ణయాలకు 10 సరిపోతుంది. మిగిలిన ఓపికను ప్రశ్నలు బాగా అడగడం మీద పెట్టండి. 86 ఇళ్లంటే దాదాపు ప్రతి ఏడో ఇల్లు. 1 నుంచి 7 వరకు చీటీలు వేసి ఒకటి తీయండి, 4 వచ్చిందనుకుంటే 4, 11, 18, 25 అలా పోవాలి.

ఇక్కడ ఒక చిక్కు. ఎస్సీ వాడలో 60 ఇళ్లుంటే ఈ వరుసన అక్కడ పడేవి ఎనిమిదో తొమ్మిదో. ఎనిమిది ఇళ్లను చూసి వాడ సంగతి చెప్పలేం. అందుకని అక్కడ 20 ఇళ్లు, అంటే ప్రతి మూడో ఇల్లు తీసుకోవాలి. మిగతా 540 ఇళ్లలో ప్రతి ఏడోది, 77. మొత్తం 97. లెక్క కట్టేటప్పుడు మాత్రం వాడలోని ఒక్కో ఇల్లు 3 ఇళ్లకు, మిగతావాటిలో ఒక్కోటి 7 ఇళ్లకు ప్రతినిధి అని గుణించుకోవాలి. ఈ గుణింపు మర్చిపోతే ఊరు మొత్తం మీద కూలీల శాతం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని ఎవరైనా సర్వే మొత్తం తప్పని కొట్టిపారేయొచ్చు. నలుగురు మనుషులు రోజుకు ఐదేసి ఇళ్లు చేస్తే ఐదు రోజుల్లో అవుతుంది. రోజుకు ఐదు దాటించకండి.

వరుసలో వచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోవడం పెద్ద తప్పు. పక్కింటివాళ్లు ఇంట్లో ఉన్నారంటే వాళ్ల బతుకు వేరే. మూడు సార్లు, మూడు వేర్వేరు వేళల్లో చూడాలి. అప్పటికీ దొరక్కపోతే పక్కింటివాళ్లను మూడే అడగాలి: ఎప్పుడు పోయారు, ఎక్కడికి, ఎప్పుడొస్తారు. ఫోన్ నంబరు ఉంటే తీసుకోవాలి.

వేళ

నాట్లప్పుడు, కలుపులప్పుడు, పత్తి ఏరేటప్పుడు పగలు ఆడవాళ్లు దొరకరు. పొద్దుగాల ఏడు లోపు, మాపు ఏడు తర్వాత వెళ్లాలి. పాలు పిండే వేళ మాత్రం వదలండి. పాలమూరు వైపు దసరా, ఉగాది, పీర్ల పండుగకు వలసపోయినవాళ్లు ఊరికొస్తారు, కార్తీకంలో కురుమూర్తి జాతరకూ కొందరు వస్తారు. ఆ మూడు నాలుగు రోజులు బంగారం లాంటివి, అయితే పండుగ రోజున కాకుండా తర్వాతి రోజున అడగండి. ఎన్నికలు దగ్గరపడ్డాక ఏ సర్వే చేసినా అది ఎవరో ఒకరి తరఫున చేస్తున్నట్టే అనుకుంటారు. రెండు నెలలు ఆగడం మేలు.

అడిగే తీరు

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు పేరు పోతుందేమోనని దూరప్రాంతాల నుంచి జనం తరలివచ్చారు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే. అప్పట్నుంచీ కాగితం పట్టుకుని ఎవరొచ్చినా జనం మనసులో రెండు లెక్కలు నడుస్తాయి: ఏదో పథకం వస్తుందేమో, ఉన్న కార్డు పోతుందేమో. మొదటిదానికి ఆదాయం తగ్గించి చెబుతారు, రెండోదానికి బర్రెను దాస్తారు. దీనికి వాళ్లను తప్పుపట్టలేం. గడప దగ్గరే స్పష్టంగా చెప్పాలి: ఇది సర్కారు సర్వే కాదు, దీంతో ఏ పథకమూ రాదు, ఏదీ పోదు, ఆధార్ నంబరు అడగం, పేరు రాయం, ఇంటి నంబరు ఒక్కటే రాస్తాం. చెప్పినట్టే చేయాలి. ఫొటోలు తీయడం మొదలుపెట్టారంటే చెప్పిన మాట నీళ్లపాలే.

"మీ సంవత్సర ఆదాయం ఎంత?" అన్న ప్రశ్న పెట్టొద్దు. ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. దాని బదులు చివరిసారి జరిగిన పని అడగండి. పోయిన యాసంగిలో ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు వేశారు? ఎన్ని బస్తాలు వచ్చాయి? ఎన్ని తిండికి ఉంచారు? ఎవరికి అమ్మారు? డబ్బు ఎన్ని రోజులకు చేతికొచ్చింది? ఒక్కో జవాబు చిన్నది, గుర్తున్నది. లెక్క మీరు కట్టుకోవచ్చు.

కొలతల దగ్గర జాగ్రత్త. 40 గుంటలు ఒక ఎకరం, అందులో గొడవ లేదు. బస్తా మాత్రం ఒకటి కాదు. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి, ఇంట్లో నిల్వ పెట్టే బస్తా 70, 75 కిలోలు. "60 బస్తాలు" అని రాసుకొస్తే 24 క్వింటాళ్లా, 45 క్వింటాళ్లా చెప్పలేం. బస్తా పక్కనే కిలోలు రాయాలి. నెలలు అడిగితే కూడా తడబడతారు. "మిరుగుకు (మృగశిర కార్తెకు) ముందా, తర్వాతా? బతుకమ్మకు చేతిలో పైసలున్నాయా?" అని అడిగితే టక్కున చెబుతారు.

అమ్మకం గురించి ఒక ఇంటి లెక్క దగ్గరగా చూద్దాం. వందెకరాల ఆసామి కాదు, నాలుగెకరాల రైతు, కొనుగోలు కేంద్రంలో 100 క్వింటాళ్ల వడ్లు పోశాడనుకోండి. 40 కిలోల సంచులు 250 అవుతాయి. సంచికి కిలో తరుగు తీస్తే 250 కిలోలు, రెండున్నర క్వింటాళ్లు. 2024-25లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయలు. అంటే తరుగు కిందే 5,800 రూపాయలు పోయాయి. "మద్దతు ధర వచ్చిందా?" అని అడిగితే ఈ రైతు "వచ్చింది" అంటాడు, అబద్ధం కాదు. "ఎన్ని క్వింటాళ్లు పోశారు, ఎన్ని క్వింటాళ్లకు డబ్బు పడింది?" అని రెండు ప్రశ్నలుగా అడిగితేనే ఆ 5,800 బయటికొస్తుంది. హమాలీ, సుతిలి, లారీ ఆలస్యమైతే కుప్ప కాడ కావలి, తేమ కోసం ఆరబోసిన రోజులు, ఇవన్నీ విడిగా అడగాలి. బత్తాయికి టన్ను మీద తూకంలో కోసే సూటు, మార్కెట్ యార్డులో అడ్తిదారు కమీషన్ కూడా ఇలాగే. ఇలాంటి లెక్క ముప్పై ఇళ్లవి చేతిలో ఉంటే మార్కెట్ అధికారుల ముందు ఊరి మాటకు బరువొస్తుంది.

అప్పు సంగతి సూటిగా అడిగితే బ్యాంకు అప్పు ఒక్కటే చెబుతారు. "విత్తనాలు, మందులు ఎక్కడ తెచ్చారు? నగదుకా, ఉద్దెరకా (అరువుకా)?" అన్న దారిలో వెళ్తే అసలు సంగతి వస్తుంది. ఉద్దెరకిచ్చిన దుకాణదారుకే పంట పోయాలన్న షరతు ఉంటే, ఆ రైతు ధర గురించి బేరమాడే స్థితిలో లేడు. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. గడువులోగా కట్టిన పంట రుణానికి పడేది 4 శాతం. ఎంతమంది ఈ రెంటిలో ఏ వైపున్నారో, ఎందుకున్నారో తెలిస్తే బ్యాంకు మేనేజరుతో మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది. తరచూ దొరికే కారణం కౌలు. కాగితం లేదు కాబట్టి రుణం లేదు. 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది. అందుకే కౌలు రైతును ఆసామి ముందు, ఆసామి అరుగు మీద అడగొద్దు. చేను పేరు, పట్టాదారు పేరు రాయొద్దు. "సొంతం ఎంత, పట్టినది ఎంత, ఎకరాకు ఏం ఇస్తున్నారు" అన్నది చాలు.

అడిగేవాళ్లు ఎవరన్నది కూడా జవాబును మారుస్తుంది. సర్పంచ్ మనిషి వెంట ఉంటే ఒక తీరు, వీవోఏ వెంట ఉంటే సంఘం బాకీ ఉన్న ఇల్లు నోరు తెరవదు. తండాలో లంబాడీ మాట్లాడే మనిషి తప్పనిసరి. కృష్ణ, మాగనూరు వైపు సరిహద్దు ఊళ్లలో కన్నడం వచ్చినవాళ్లు ఉంటే మేలు. ఆడవాళ్లను అడగడానికి ఆడవాళ్లే వెళ్లాలి, ఇంటాయన పక్కన లేనప్పుడు. డిగ్రీ చదివే పక్క ఊరి అమ్మాయిలు ఈ పనికి చక్కగా సరిపోతారు. ముందు ఐదారు ఇళ్లలో పరీక్షగా అడిగించి, అర్థంకాని ప్రశ్నలు మార్చాకే కాగితాలు అచ్చు వేయించాలి.

చింతగింజలు

ఇంటింటి ప్రశ్నలకు దొరకనివి కొన్ని గుంపులో దొరుకుతాయి. ఏడాదిలో పని ఎప్పుడుంది, ఎప్పుడు లేదు అన్నది అలాంటిది. ఎనిమిది నుంచి పది మంది కూలి ఆడవాళ్లను కూర్చోబెట్టి నేల మీద ముగ్గుపిండితో 12 గడులు గీయండి. గడికి ఇంగ్లిషు నెల పేరు పెట్టకుండా పండుగ గుర్తు పెట్టండి: ఉగాది, మిరుగు, బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి, శివరాత్రి. మధ్య గడులు వాటంతట అవే కుదురుతాయి. నెలకు ఎన్ని రోజులు పని దొరికిందో, మూడు రోజులకు ఒక చింతగింజ చొప్పున పెట్టమనండి. పని నిండుగా ఉన్న నెలలో పది గింజలు, లేని నెలలో ఒకటో రెండో. కింద రెండో వరుసలో అప్పు తెచ్చిన నెలలకు గులకరాళ్లు. మూడో వరుసలో ఇంట్లోంచి ఎవరైనా బయటికి పోయిన నెలలకు ఆకులు.

పూర్తయ్యాక చూస్తే గింజలు పలచబడిన గడుల కిందే రాళ్లు, ఆకులు గుట్టపడతాయా లేదా అన్నది అక్కడున్న అందరికీ కనబడుతుంది. అప్పుడు అడగాలి: "ఈ మూడు గడుల్లో ఊళ్లోనే ఏం పని ఉంటే ఈ ఆకులు తీసేయొచ్చు?" ఇది "ఏం కావాలె?" కన్నా చాలా పదునైన ప్రశ్న. జవాబులు కూడా వేరుగా వస్తాయి: మిర్చి తొడిమలు తీసే పని, వేరుశనగ వొలిచే పని, విస్తరాకులు, కుట్టు పని, ఉపాధి హామీ పని ఫలానా పక్షాల్లో పెట్టమనడం.

ఇందులో తప్పు జరిగేది ఒకచోట. సంఘం లీడరు ముందు గింజలు పెడితే మిగతావాళ్లు ఆమెనే అనుసరిస్తారు. ఒక్కొక్కరు తమ గింజలు తామే పెట్టాలి, లీడరు చివర్న. మొగవాళ్లతో ఇదే పని విడిగా చేయించి, రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొగవాళ్లకు పని లేని నెలలు, ఆడవాళ్లకు పని లేని నెలలు ఒకటి కావు. పటం చెరిపేముందు అట్ట మీద అచ్చంగా ఎక్కించుకోవాలి, తేదీ, వాడ పేరు రాసి.

లెక్కకు రాని పని

మగ్గాల ఇళ్లలో "నేసేది ఎవరు?" అని అడిగితే ఒక్క మొగమనిషి పేరు వస్తుంది. చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులేయడం), ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పడం), కండెలు చుట్టడం ఎవరు చేస్తున్నారని అడగరు. ఒక చీరకు ఆసు పోయాలంటే చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూసి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోయడం మహిళలు ఇంట్లో కూర్చుని చేసే పని, కూలి లేని పని. ఇంటివాళ్లకే పని అనిపించని దాన్ని "ఏం కావాలె?" అన్న ప్రశ్న బయటికి తీయలేదు. అందుకే ప్రతి ఇంట్లో ఒక మామూలు రోజును పొద్దుగాల నాలుగు నుంచి రాత్రి పది దాకా గంటగంటకూ అడిగి రాయాలి, మొగవాళ్లకు ఒక వరుస, ఆడవాళ్లకు ఒక వరుస. మగ్గం ఇంట్లో చీర కూలిని ఇద్దరి గంటలతో భాగిస్తే వచ్చే సంఖ్య, ఆ ఇంటి పిల్లలు మగ్గం మీద ఎందుకు కూర్చోవడం లేదో చెప్పేస్తుంది.

దుకాణాలు, మిల్లులు

వ్యాపారులకు వేరే కాగితం. లాభం అడగొద్దు. సరుకు ఎక్కడ తెస్తున్నారు, వారానికి ఎన్నిసార్లు, కిరాయి ఎంత, ఉద్దెర ఖాతా ఎంత, అది ఎప్పుడు వసూలవుతుంది, ఏ వస్తువు కోసం జనం మండల కేంద్రానికి పోతున్నారు. మిల్లుల్లో, జిన్నింగుల్లో ఎవరు పనిచేస్తున్నారన్నది రెండువైపులా అడగాలి. బిహార్ నుంచి వచ్చిన హమాలీలతో మిల్లు నడుస్తున్న చోట యజమాని "ఇక్కడోళ్లు పనికి రారు" అంటాడు, ఊరి కుర్రాళ్లు "పని లేదు" అంటారు. రెండూ నిజమే కావొచ్చు. పని గంటలు, కూలి కట్టే పద్ధతి, బస, సీజన్ ఎన్ని నెలలు అన్నవి రెండు కాగితాల మీదా ఒకే మాటల్లో అడిగితే తేడా ఎక్కడుందో తేలుతుంది.

ఖర్చు దారి కూడా చూడాలి. పోయిన వారం అంగడిలో, కిరాణంలో, పట్నంలో, ఫోన్‌లో ఏమేం కొన్నారో పది వస్తువుల పట్టిక చాలు. పాలమూరులో వేరుశనగ పండించే ఊరు కాయ అమ్మేసి నూనె ప్యాకెట్లు కొంటుంది. అది చూడగానే గానుగ పెడదామనిపిస్తుంది. ఆగి లెక్క వేయాలి. ఇంటికి నెలకు 3 లీటర్లని సర్వేలో తేలితే 600 ఇళ్లకు 1,800 లీటర్లు, బరువులో సుమారు 1,640 కిలోలు. 100 కిలోల కాయ వొలిస్తే 70 కిలోల పప్పు, అందులోంచి సుమారు 28 కిలోల నూనె. నెలకు దాదాపు 59 క్వింటాళ్ల కాయ కావాలి, ఏడాది పొడవునా నిల్వ ఉంచాలి. అందరూ ఆ ధరకు కొంటారా? "గానుగ నూనె దొరికితే కొంటారా?" అంటే అందరూ కొంటామంటారు. "పోయిన ఆరు నెలల్లో గానుగ నూనె ఎన్ని లీటర్లు కొన్నారు, ఎంతకు?" అని అడగండి. 97 ఇళ్లలో పదో పన్నెండో ఉంటే ఊరికి సరిపోయేది చిన్న గానుగ, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి. పామాయిల్ వాడే ఇళ్లను ఆ లెక్కలోంచి తీసేయండి. ధర తేడా వాళ్లను రానివ్వదు.

ఊళ్లో లేనివాళ్లు

వలసపోయినవాళ్లకు ఫోన్ చేసేది రాత్రి ఎనిమిదిన్నర తర్వాత, పది నిమిషాలకు మించకుండా. గుంపు మేస్త్రీ పక్కన ఉంటే మాట్లాడలేరు, అలాంటప్పుడు ఇంకోసారి చేయాలి. ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఎంత, అది ఏ ఖర్చుకు తీసుకున్నారు, తెగడానికి ఎన్ని నెలలు పట్టింది అన్నవి ముఖ్యం. చాలా సర్వేలు "ఇక్కడ రోజుకు ఎంతిస్తే ఉంటారు?" అని అడుగుతాయి. అంతకన్నా ముఖ్యమైంది "ఏడాదికి ఎన్ని రోజులు గ్యారంటీగా దొరికితే ఉంటారు?" అన్నది. రోజు కూలి ఒక వంద తక్కువైనా, వరసగా పని ఉంటే ఉండిపోయేవాళ్లు ఎంతమందో తెలిస్తే ప్రణాళిక వేరే రకంగా ఉంటుంది. అడ్వాన్సు ఆస్పత్రి ఖర్చు కోసమే ఎక్కువగా తీసుకున్నట్టు తేలితే, ఆ ఊరికి ముందు కావాల్సింది పని కూడా కాదు, ఆపదకు తక్కువ మిత్తికి దొరికే అప్పు. గ్రామ సంఘం చేయగలిగిన పని అది.

కాగితాల మీదికి ఎక్కించాక

ఫోన్‌లో నింపాలంటే కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్ సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది, తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు. కాగితమైతే ఏ రోజుది ఆ రాత్రే సరిచూడాలి. ఖాళీలుంటే మర్నాడు పొద్దుగాలే వెళ్లి అడగొచ్చు, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. ప్రతి పది ఇళ్లలో ఒకదానికి వేరే మనిషి వెళ్లి మూడు ప్రశ్నలు మళ్లీ అడగాలి. జవాబులు కలవకపోతే మొదట వెళ్లిన మనిషితో కూర్చుని మాట్లాడాలి.

ఊరి సగటు ఒక్కటే తీసి ఆగొద్దు. 20 ఎకరాల ఇల్లు ఒకటి, భూమి లేని ఇళ్లు తొమ్మిది కలిపితే సగటున రెండెకరాలు. అలాంటి ఇల్లు ఆ పదింటిలో ఒక్కటీ లేదు. వాడవారీగా, భూమి ఉన్నవాళ్లు, కౌలు, కూలి, చేతివృత్తి, వలస అని విడగొట్టి చూడాలి. పట్టికలో ఐదు ఇళ్లకన్నా తక్కువ ఉన్న గడిని బయట పెట్టొద్దు. ఊరు చిన్నది, "మూడు మగ్గాలున్న ఒంటరి మహిళ" అంటే ఎవరో అందరికీ తెలుసు.

ఫలితాలను మొదట ఎవరిని అడిగామో వాళ్లకే చెప్పాలి, ఎంపీడీవోకు పంపేముందే. పెద్ద అట్టల మీద నాలుగైదు పట్టికలు రాసి ఒక్కో వాడలో, తండాలో గంటసేపు చదివి వినిపించండి. అక్కడ "ఇది ఇట్ల కాదు" అని ఎవరైనా అంటే రాసుకోవాలి, చాలాసార్లు వాళ్లే నిజం. ఆ తర్వాత గ్రామసభ. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది కాబట్టి తేదీ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, అజెండాలో చేర్పించమని కార్యదర్శికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి ముందు పంట అమ్మకం పట్టికలు, మహిళా సంఘాల మండల సమాఖ్య ముందు అప్పుల పట్టిక, చేనేత సంఘంలో కూలి గంటల పట్టిక. అందరికీ ఒకే 40 పేజీల నివేదిక ఇస్తే ఎవరూ చదవరు. ఎవరి పట్టిక వాళ్లకు, ఒక్క పేజీలో, కింద ఒకే అభ్యర్థనతో.

నింపిన కాగితాలు పంచాయతీ ఆఫీసులో వదిలేయకండి. ఇంటి నంబర్ల జాబితా ఒకచోట, జవాబులు మరోచోట ఉంచాలి, రెండింటి తాళాలూ ఒకరి దగ్గర ఉండకూడదు. ఏడాది తర్వాత అవే 97 ఇళ్లకు, అదే కార్తెలో, అవే పది ముఖ్యమైన ప్రశ్నలతో మళ్లీ వెళ్లాలి. అప్పటికి కొన్ని ఇళ్లకు తాళం పడి ఉంటుంది. వాటి వరుసను ఖాళీగా వదలకుండా పక్కన "తాళం" అని, ఎప్పట్నుంచో రాయండి.